జర్మన్ చిత్రకళ మీద మన పిల్లలకి లెక్చర్లు: ఎక్కడ మొదలుపెట్టాలి?

రంగులపెట్టె: హైదరాబాద్‌లో బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) రెండో ఏడాది పిల్లలకి జర్మన్ చిత్రకళ మీద వరసగా కొన్ని లెక్చర్లు చెప్పాలి. చెప్పినవాళ్ళు, విన్నవాళ్ళు అనుభవాలు రాయండి. పదహారో శతాబ్దపు చిత్రకారుడు డ్యూరర్‌తో మొదలుపెట్టాలా, నేరుగా ఇరవయ్యో శతాబ్దానికి వెళ్ళాలా? తెలుగులోనా ఇంగ్లీషులోనా? గంటకి ఎన్ని బొమ్మలు?

ప్రెస్‌గది: డ్యూరర్ ఖడ్గమృగం. ఇంకేం ఆలోచించకండి. 1515లో గుజరాత్ నుంచి వెళ్ళిన జంతువు లిస్బన్‌లో దిగింది. డ్యూరర్ దాన్ని కళ్ళారా చూడలేదు. చేతికందిన స్కెచ్, ఉత్తరం చూసి నూరెంబర్గ్‌లో గీశాడు. భుజాల మీద లేని కొమ్ము ఒకటి పెట్టాడు. నా క్లాసులో ఒకరు వర్ణిస్తుంటే ఇంకొకరు చూడని జంతువుని లినో (అచ్చుబొమ్మలకి చెక్కే మెత్తని షీటు) మీద చెక్కారు. పిల్లలు బెల్లు కొట్టినా లేవలేదు.

సిరిసిల్ల_మగ్గం: మాకు ఒక సారు యూరప్ ఆర్ట్ చెప్పిండు. గది చీకటి చేసి స్లైడ్ మీద స్లైడ్ తిప్పుడే. పేరు, సంవత్సరం, అయిపాయె. జర్మన్ చిత్రకారిణి కేటె కోల్‌విట్స్ బొమ్మలు నాకు చదువైపోయినంక దొరికినయ్. 1844ల, అప్పటి జర్మన్ రాజ్యం ప్రష్యాల ఉన్న సైలీషియా నేతోళ్ల తిరుగుబాటు కథ అది. మొదటి బొమ్మల ఇరుకు గది, ఎనుక మగ్గం, బిడ్డ మంచం పక్కన తల పట్టుకున్న తల్లి. మా అమ్మకు చూపిస్తే "ఇది ఎవరింట్ల?" అన్నది. గిది మొదలు చూపియ్యిండ్రి.

బౌహౌస్_అభిమాని: అసలు ఇలాంటి లెక్చర్లు మన దేశానికి కొత్త కాదు. శాంతినికేతన్‌లో కళాచరిత్రకారిణి స్టెల్లా క్రామ్‌రిష్ మధ్యయుగపు గోతిక్ నుంచి ఇరవయ్యో శతాబ్దపు డాడా దాకా యూరప్ కళ చెప్పింది. 1922 డిసెంబర్‌లో కలకత్తాలో బౌహౌస్ అనే జర్మన్ కళల బడి బొమ్మల ప్రదర్శన పెట్టారు. క్లీ, కాండిన్‌స్కీ, ఫైనింగర్ బొమ్మలు మనవాళ్ళు అప్పుడే చూశారు. మొదటి లెక్చర్ అదే కావాలి.

కొలోన్_నుంచి: క్లీ పుట్టింది స్విట్జర్లాండ్‌లో. కాండిన్‌స్కీ రష్యన్. ఫైనింగర్ న్యూయార్క్‌లో పుట్టాడు. క్రామ్‌రిష్ ఆస్ట్రియా మనిషి. ఇందులో జర్మన్ కళ ఏది? నేను ఇక్కడే ఆర్ట్ హిస్టరీలో ఎంఏ చేశాను, మ్యూజియంలో గైడ్‌గా చేస్తున్నాను. పిల్లలకి తప్పు పునాది వేయకండి.

బౌహౌస్_అభిమాని: పుట్టిన ఊరు చూసి బొమ్మలు చూపిస్తామా? క్లీ తండ్రి జర్మన్, క్లీ పౌరసత్వమూ జర్మనే. స్విస్ పౌరసత్వం అడిగాడు, అది చేతికి రాకుండానే 1940లో పోయాడు. కాండిన్‌స్కీ 1928లో జర్మన్ పౌరుడయ్యాడు. ఎంఏ చేసినవాళ్ళు ఇది చెప్పకపోవడం అన్యాయం.

కొలోన్_నుంచి: నా చదువు జోలికి రాకండి. పౌరసత్వమే లెక్కయితే జర్మన్ చిత్రకారుడు నోల్డె సంగతి చెప్పండి. నాజీ పార్టీ సభ్యుడు. అయినా 1937లో ఆధునిక కళని వెక్కిరించడానికి నాజీలు మ్యూనిక్‌లో పెట్టిన 'పతిత కళ' ప్రదర్శనలో ఆయన బొమ్మలూ అవమానానికి వేలాడాయి. ఈ రెండూ చెప్పకుండా రంగులు మాత్రమే చూపిస్తే పిల్లల్ని మోసం చేసినట్టే.

గోడమీద_గీత: ఇక్కడ మాత్రం కొలోన్ గారితో ఏకీభవిస్తాను. కానీ అదే గంటలో కోల్‌విట్స్ చేత 1933లో నాజీలు ప్రష్యన్ కళల అకాడమీకి బలవంతంగా రాజీనామా చేయించిన సంగతీ రావాలి. ఆ అకాడమీకి ఎన్నికైన మొదటి మహిళ ఆమె, 1919లో. మన బెంగాల్ చిత్రకారులు చిత్తప్రసాద్, సోమనాథ్ హోర్ బొమ్మలు పక్కన పెట్టి చూపించండి. బెంగాల్ కరువు గీతల్లో ఆమె ప్రభావం పిల్లలే పట్టుకుంటారు.

సిరిసిల్ల_మగ్గం: అవునక్కా. పౌరసత్వం పంచాయితీల నేతోళ్లను మల్లా మరిచిపోయిండ్రు.

రంగులపెట్టె: చాలా ఉపయోగపడుతోంది అండీ. గంటకి ఎన్ని బొమ్మలు, ఏ భాష అన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు.

గోడమీద_గీత: తెలుగులోనే చెప్పండి. ఐదు బొమ్మలు మించొద్దు. ప్రొజెక్టర్ మసకైతే కోల్‌విట్స్ నలుపులు మొత్తం పోతాయి, పెద్ద ప్రింట్లు తీసి చేతికివ్వండి.

బౌహౌస్_అభిమాని: క్లీని ఐదులో ఒకడిగా పెట్టకపోతే నేను ఒప్పుకోను.

ప్రెస్‌గది: లినో ఖర్చు ఎక్కువైతే ఎండీఎఫ్ (చెక్కపొడి నొక్కి చేసిన పలక) ముక్కలు కొనండి, చక్కగా చెక్కుడు పడతాయి. దుమ్ము లేస్తుంది, పిల్లలకి మాస్కులు ఇవ్వండి.