సోనాపురంలో 5 కిలోమీటర్లు, డొంకూరులో 8: ట్రాలర్ల ఒడ్డుదూరం ఒకటి చేయించే దారి ఉందా?

ప్రశ్న (సోనాపురం, గంజాం జిల్లా)

మాది బాహుదా నది సముద్రంలో కలిసే మొగ దగ్గర. వాడబలిజలం. ఒక ఫైబర్ తెప్ప, ఇంజను ఉన్నాయి. మొన్న రాత్రి కవళ్ల (చిన్న చేపలు) వల వేసి తెల్లారి వెళ్తే సగం వల లేదు. పైతాడు కొస పట్టుకుని చూశాను. పాతబడి తెగిన తాడైతే పీచు విడుతుంది. ఇది కోసినట్టు నున్నగా ఉంది. పక్కనే నాలుగు బెండ్లు ముక్కలై తేలుతున్నాయి. ట్రాలరు, అంటే వల లాగే మరబోటు, దాని మీంచే పోయింది.

వల పోయిందన్న బాధ ఒక ఎత్తు. ఆ చోటు ఒడ్డుకి ఆరు కిలోమీటర్లు. ఒడిశాలో 15 మీటర్ల లోపు మరబోటు 5 కిలోమీటర్లు దాటితే చాలు, వల లాగొచ్చు. ఆంధ్రలో 8 దాటాలి. మా ఊరి ముందు చెల్లిన వేటే కాస్త దక్షిణానికి జరిగి డొంకూరు ముందుకి పోతే నేరం. చేపల గుంపు మాత్రం ఒకటే, అటూ ఇటూ తిరిగేది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం రెండు వైపులా ఒకటే, 61 రోజులు. తేదీలు కలిసినప్పుడు దూరం ఎందుకు కలవదు? ఎవరిని అడగాలి?

జవాబు 1 (డొంకూరు)

బావా, మా 8 కూడా చాలాసార్లు కాగితం మీదే. రాత్రి ఇంజను చప్పుడు ఒడ్డు మీదికే వినిపిస్తుంది. ఫోన్ చేస్తే గస్తీ పడవ వచ్చేసరికి బోటు మీ వైపు దాటేస్తుంది. దూరంతో పాటు గస్తీవాళ్లు రెండు జిల్లాలకీ కబురు చెప్పుకునేలా చూడాలి.

జవాబు 2 (బరంపురం, ఫిషరీస్ చదివాను)

అన్నా, 12 నాటికల్ మైళ్లు, అంటే 22 కిలోమీటర్ల దాకా రాష్ట్రానిదే అధికారం. తేదీలు కలిశాయంటే, తూర్పు తీరమంతటికీ 2015 నుంచి కేంద్రం 61 రోజులు చేసింది, రాష్ట్రాలూ అదే పెట్టుకున్నాయి. దూరం మాత్రం ఎవరి చట్టం వాళ్లది: ఒడిశాది 1982, ఆంధ్రది 1994. అందుకని మీ అర్జీ భువనేశ్వర్‌కి వెళ్లాలి. రుషికుల్య మొగ దగ్గర తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా 20 కిలోమీటర్ల లోపు ట్రాలర్లని రానివ్వరు కదా. అవసరమనుకుంటే దూరం పెంచుతారనడానికి అదే సాక్ష్యం. అర్జీలో తప్పకుండా రాయండి.

జవాబు 3 (ఇచ్ఛాపురం)

ఒక్క ట్రాలర్ల మీదే పడకండి నాయనా. గుంపుని చుట్టేసే మన రింగు వలల్లో వేలెడు లేని కవళ్లు పడితే, అమ్ముడుపోక ఇసుకలో ఎండబెట్టి కోళ్ల దాణాకి పంపినవాళ్లం కాదా? వల కన్ను (రంధ్రం) ఎంత ఉండాలో కూడా రెండు వైపులా ఒకటి కావాలి. అది మన మీదే పడుతుంది, తెలిసే అంటున్నాను.

ప్రశ్న అడిగినవాడు

నిజమే మామయ్యా. రెండేళ్ల కిందట ఆ వలకి నేనూ పొత్తు వెళ్లాను. కన్ను సంగతీ రాస్తాను. ఒడియా అర్జీ నా వంతు, బడిలో చదివింది అదే. బావా, తెలుగుది మీ ఊరివాళ్ల చేత రాయించి అమరావతికి పంపు. గస్తీ మాట, వల కన్ను, 8 కిలోమీటర్లు రెండు కాగితాల్లోనూ ఒకేలా ఉండాలి. తెగిన పైతాడు దాచి ఉంచాను, అర్జీ ఇచ్చేటప్పుడు తెస్తాను.