డాక్టర్ల తరఫున వాదించే లాయర్లు ఉంటే సలహా ఇవ్వండి

నమస్కారమండీ. విజయవాడలో నాలుగేళ్లుగా సివిల్ ప్రాక్టీసు చేస్తున్నాను. సూర్యారావుపేటలో నర్సింగ్ హోమ్ నడిపే ఒక డాక్టరుగారి తరఫున వినియోగదారుల కమిషన్‌లో కౌంటర్ (ఫిర్యాదుకు రాతపూర్వక జవాబు) వేసే పని మా సీనియర్‌గారు నాకు అప్పగించారు. గడువు 30 రోజులు, పొడిగించినా మరో 15 రోజులే. టెన్షన్‌గా ఉంది.

చట్టం వరకు ఫర్వాలేదు, వైద్య నిర్లక్ష్యంపై సుప్రీంకోర్టు 2005లో ఇచ్చిన జాకబ్ మాథ్యూ తీర్పు చాలాసార్లు చదివాను. పేషెంటుకు చేసిన వైద్యమంతా రాసి ఉంచే కేస్ షీటే కొరుకుడు పడటం లేదు. రాత్రి 2 గంటల బీపీ రీడింగును వేరే ఇంకుతో దిద్దారు, పక్కన సంతకం లేదు. డాక్టరుగారు నిర్లక్ష్యం చేయలేదనే నా నమ్మకం. మరి ఆ దిద్దుబాటు గురించి కౌంటర్‌లోనే చెప్పేయాలా? నర్సుగారి చేత అఫిడవిట్ వేయించాలా?

ఈ కేసులతోనే నిలదొక్కుకున్న పెద్దలు ఇక్కడగానీ గుంటూరులోగానీ ఉంటే, కేస్ షీట్ చదవడం ఎలా నేర్చుకున్నారో దయచేసి చెప్పండి.