వేడినీటి బుగ్గల ఊళ్లలో ఫోటోలు: లెన్స్‌కి ఆవిరి పడుతోంది, మనుషులు మొహం తిప్పేసుకుంటున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న:
అందరికీ నమస్తే. డిసెంబరులో పదకొండు రోజులు సెలవు దొరికింది. యూరప్‌లో పాత స్నానాల పట్టణాలు చూసి ఫోటోలు తీసుకోవాలని ఎప్పటినుంచో ఉంది. హంగరీలోని బుడాపెస్ట్, చెక్ దేశంలోని కార్లోవీ వారీ, జర్మనీలోని బాడెన్-బాడెన్, చివర్లో ఇంగ్లండ్‌లోని బాత్, ఇదీ అనుకున్న దారి. కిందటిసారి ఒక స్నానశాలలోకి బయటి చలిలోంచి నేరుగా వెళ్లి కెమెరా తీశాను, క్షణంలో లెన్స్ మీద పాలు పోసినట్టు అయిపోయింది. తుడిచాను, మళ్లీ పట్టింది, మళ్లీ తుడిచాను. నలభై ఫోటోల్లో పనికొచ్చినవి ఐదు. దానికన్నా బాధపెట్టింది ఇంకొకటి, నీళ్లలో ఉన్న ఒక పెద్దావిడ నేను కెమెరా ఎత్తగానే మొహం గోడవైపు తిప్పేసుకుంది. ఆవిడ ఫోటో నేను తీయలేదు, కానీ ఆ తిప్పుకోవడం ఇప్పటికీ గుర్తొస్తుంది. ఆవిరి సంగతి, మనుషుల సంగతి రెండూ చెప్పండి. దారి సరిగ్గా ఉందో లేదో కూడా.

జవాబు:
ముందు ఆవిరి సంగతి. చల్లటి గాజు మీద తడిగాలి తగిలితే నీరు పట్టడం ఖాయం, ఎన్నిసార్లు తుడిచినా గాజు వేడెక్కేదాకా మళ్లీ పడుతూనే ఉంటుంది, పైగా అలా తుడిచే కంగారులో లెన్స్ మీద గీతలు పడతాయి. కాబట్టి బయట చలిలో ఉండగానే కెమెరాని జిప్ కవర్‌లో పెట్టి గాలి తీసేసి మూసేయండి, లోపలికి వెళ్లాక కనీసం అరగంట ఆ కవర్ తెరవొద్దు. నీరు పడితే కవర్ బయట పడుతుంది, కెమెరా మెల్లిగా గది వేడికి వస్తుంది. మెమరీ కార్డు, బ్యాటరీ కూడా బయటే సరిచూసుకోండి, లేకపోతే మధ్యలో తెరవాల్సి వస్తుంది. ఆవిరి గదిలో లెన్స్ మార్చడం అసలు వద్దు, తడి సెన్సర్ దగ్గరికి పోతుంది.

ఇంకోటి, తెల్లటి ఆవిరిని చూసి కెమెరా మోసపోయి ఫోటోని చీకటి చేసేస్తుంది. ఎక్స్‌పోజర్‌ని సుమారు ఒక స్టాప్, అంటే వెలుగు రెట్టింపయ్యేలా, పెంచండి. ఆవిరి సుడులు విడివిడిగా కనపడాలంటే షట్టర్ వేగం 1/500 సెకను దగ్గర, మెత్తటి తెరలా కావాలంటే అర సెకను. వెలుగు ఆవిరి వెనకనుంచి వచ్చేలా నిలబడితేనే అది కనిపిస్తుంది, మన వీపు వైపునుంచి వస్తే అంతా మసకగా చచ్చుగా ఉంటుంది.

జవాబు:
మనుషుల విషయంలో నేను కాస్త గట్టిగానే చెప్తాను. నీళ్లలో ఉన్న మనిషి ఒంటి మీద బట్టలు తక్కువ, చాలామంది కీళ్ల నొప్పులతోనో మరో బాధతోనో వస్తారు. మనకి అది అందమైన దృశ్యం, వాళ్లకి అది వైద్యం. హంగరీలో 2014లో వచ్చిన సివిల్ కోడ్ ప్రకారం గుంపుగా ఉన్న జనాన్ని తీయడం వేరు, ఒక మనిషిని ఎంచుకుని తీయాలంటే తీయడానికే అనుమతి ఉండాలి. జర్మనీలో బట్టలు మార్చుకునే గదుల్లాంటి చోట్ల, ఇతరుల కంట పడకుండా కట్టిన చోట్ల తీసి ఆ మనిషి అంతరంగ జీవితంలోకి చొరబడితే అది నేరం కిందికి వస్తుంది. చట్టం పక్కన పెట్టినా, అడిగితే చాలామంది ఒప్పుకుంటారండీ. బుడాపెస్ట్‌లోని సెచేనీ స్నానశాలలో నీళ్లలో నిలబడి చదరంగం ఆడే పెద్దవాళ్లు ఉంటారు, వాళ్ల ఆట కాసేపు చూసి, కెమెరా చూపించి సైగ చేసి అడగండి. నాకు అక్కడ దొరికిన మంచి ఫోటోలో మొహమే లేదు, ముడతలు పడ్డ తడి వేళ్ల మధ్య ఒక గుర్రం, వెనక అంతా ఆవిరి.

సెచేనీ 1913లో తెరిచారు, పసుపు రంగు గోడలు, బయటి కొలనులు. డిసెంబరులో అక్కడ సూర్యోదయం ఏడు దాటాకే. అంటే పొద్దున్నే తలుపులు తెరవగానే వెళ్తే ఆకాశం నీలంగా ఉండగానే దీపాలు, పొగలు కక్కే నీళ్లు ఒకేసారి దొరుకుతాయి.

అడిగినవారు:
జిప్ కవర్ సంగతి ఇంత తేలికని తెలీదు, చాలా థాంక్స్. బాడెన్-బాడెన్‌లో ఫ్రీడ్రిష్‌బాడ్ లోపల తీయాలని ఉంది. కుదురుతుందా?

జవాబు:
కుదరదు, ప్రయత్నించొద్దు కూడా. 1877లో తెరిచిన ఆ స్నానశాలలో బట్టలు లేకుండా, మెట్టు మెట్టుగా వేడి గాలి, ఆవిరి, రకరకాల నీళ్లు దాటుకుంటూ వెళ్లే పద్ధతి. ఫోన్ లాకర్‌లో పెట్టి నిజంగా స్నానం చేయండి, ఒక పూట కెమెరా లేకుండా ఉండటం మీకు మేలే చేస్తుంది. ఫోటోలకి అదే ఊళ్లో ట్రింక్‌హాలె అనే, బుగ్గ నీళ్లు తాగడానికి కట్టిన మండపం ఉంది, 1839–42 మధ్య కట్టింది, 90 మీటర్ల పొడవున స్తంభాలు, గోడల మీద స్థానిక కథల బొమ్మలు. మబ్బు పట్టిన రోజే మేలు, ఎండ ఉంటే స్తంభాల నీడలు బొమ్మల్ని ముక్కలు చేస్తాయి.

జవాబు:
నా ఓటు కార్లోవీ వారీకి, వీలైతే మూడు రాత్రులు ఉండండి. అక్కడ నీళ్లు ముఖ్యంగా తాగడానికి. వ్ర్‌ఝీద్లో అనే బుగ్గ సుమారు 12 మీటర్ల ఎత్తుకి చిమ్ముతుంది, నీటి వేడి 70 డిగ్రీల పైన. దాని తుంపర లెన్స్ మీద ఎండిపోనివ్వొద్దు, వెంటనే మంచినీళ్లతో తడిపిన గుడ్డతో మెల్లిగా అద్దండి. ఆ నీళ్లలో ఖనిజం ఎంతుందంటే, కాగితపు గులాబీలని అందులో ఉంచితే పైన గోధుమ రంగు రాతి పొర కట్టి రాతి గులాబీలైపోతాయి, వాటినే జ్ఞాపికలుగా అమ్ముతారు.

అక్కడ జనం చేతుల ఫోటోలు తీయండి. ఆ నీళ్లు తాగే పింగాణీ కప్పు చిన్నది, బల్లపరుపుగా ఉంటుంది, పిడి లోపల గొట్టంలా బోలుగా ఉంటుంది, ఆ పిడి చివరనుంచే నీళ్లు పీలుస్తారు. జనం బుగ్గ దగ్గర వంగి కప్పు నింపుకుని, మెల్లిగా నడుస్తూ పీలుస్తుంటారు. యోసెఫ్ జీతెక్ రూపొందించిన మిల్ కొలనేడ్ అనే స్తంభాల వరండాలో (1871–81) 124 స్తంభాల కింద ఆ నడక చూడాలి. ఒక స్తంభం పక్కన అరగంట కదలకుండా నిలబడితే మిమ్మల్ని ఎవరూ పట్టించుకోరు.

జవాబు:
బాత్ గురించి ఒక్క మాట. అక్కడి పాత రోమన్ స్నానశాలలోని పెద్ద కొలనులో దిగనివ్వరు, స్నానం చేయాలంటే 2006లో తెరిచిన కొత్త స్నానశాలకి వెళ్లాలి. పెద్ద కొలను నీళ్లలో కనిపించే ఆకుపచ్చ రంగు నాచుది. రోమన్ల కాలంలో దానికి పైకప్పు ఉండేది, ఇప్పుడు ఎండ తగలడం వల్ల నాచు పెరుగుతోంది, కాబట్టి ఎడిటింగ్‌లో ఆ నీటిని నీలం చేయకండి. పైన వరండాలో నిలబడ్డ చక్రవర్తుల విగ్రహాలు రోమన్లవి కావు, 19వ శతాబ్దం చివర్లో చెక్కినవి. ఫోటో కింద రాసేటప్పుడు ఇది తప్పు రాస్తుంటారు. పోలరైజర్ (మెరుపుని తగ్గించే ఫిల్టర్) తిప్పి చూడండి, ఒక కోణంలో నీటి మీద స్తంభాల ప్రతిబింబం తగ్గిపోతుంది. నాకైతే ప్రతిబింబం ఉంటేనే ఇష్టం. ఇక మిగతా మూడు ఊళ్లకీ పనికొచ్చే షెంగెన్ వీసా అక్కడ చెల్లదు, యూకేకి వేరేగా చూసుకోవాలి.

అడిగినవారు:
పదకొండు రోజుల్లో నాలుగు ఊళ్లంటే పరుగే అవుతుందని ఇవన్నీ చదివాక అర్థమైంది. బాత్‌ని ఈసారికి వదిలేస్తున్నాను. కార్లోవీ వారీలో నాలుగు రాత్రులు. ఆ కప్పు ముందే కొనుక్కుని నేనూ వాళ్లతో పాటు నడుస్తాను, మొదటి రోజు కెమెరా గదిలోనే ఉంటుంది.

జవాబు:
మంచి నిర్ణయం. అయితే నీళ్లు ఎడాపెడా తాగేయకండి, అక్కడ ఏ బుగ్గ నీళ్లు ఎంత తాగాలో డాక్టర్లు రాసిస్తారు. ఫోటో కోసమైతే రెండు గుటకలు చాలు.