కాచిన నీళ్ళలో సీసం పోతుందా? పాప పాల గురించి సందేహం

షికాగో కోడలు:
నమస్కారం. షికాగోలో 1924లో కట్టిన ఇల్లు కొన్నాం. నగరపాలక సంస్థ ఉచితంగా ఇచ్చే నీటి పరీక్ష సీసాలు తెప్పించాను. రాత్రంతా ఇంట్లో ఏ కొళాయీ తిప్పకుండా ఉండి, పొద్దున్నే వంటింట్లో పట్టాం. మొదటి సీసాలో సీసం లీటరుకు 4 మైక్రోగ్రాములు. రెండు నిమిషాలు వదిలాక పట్టినదానిలో 13. అయిదు నిమిషాల తర్వాతి దానిలో 5. సీసాలో సీసం అని మా ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

పాపకు ఎనిమిది నెలలు, డబ్బా పాలు. గుంటూరు నుంచి వచ్చిన మా అత్తగారు ఆ నీళ్ళను ఇరవై నిమిషాలు తెర్లకాచి వడగడతారు. త్వరగా కాగుతాయని వేడినీళ్ళ కొళాయి కిందే గిన్నె పెడతారు. ముగ్గురు పిల్లల్ని ఇలాగే పెంచానంటారు. ఆవిడకు ఏమని చెప్పను? అసలు నీళ్ళు వదిలేకొద్దీ సీసం తగ్గాలి కదా, రెండో సీసాలో ఎందుకు పెరిగింది?

పైపుల పంతులు:
ముందు ఆ పొయ్యి కట్టేయండమ్మా. కాస్తే చచ్చేవి క్రిములు. సీసం లోహం, ఆవిరై పోదు. నీళ్ళు ఇగిరేకొద్దీ మిగిలినవాటిలో దాని మోతాదు పెరుగుతుంది. చారు ఎక్కువసేపు మరిగితే ఉప్పన అవుతుంది కదా, అత్తగారికి ఆ మాటే చెప్పండి. వేడినీళ్ళ కొళాయి మరీ చెడ్డది. వేడి నీరు సీసాన్ని తేలిగ్గా కరిగించుకుంటుంది. తాగడానికీ వంటకీ చన్నీళ్ళే పట్టాలి.

మీ రెండో సీసాలోనే అసలు కథ ఉంది. మొదటి సీసాలోకి వచ్చింది కొళాయిలో, ఇంటి లోపలి గొట్టాల్లో రాత్రి నిలిచిన నీరు. దాని వెనక వచ్చేది, వీధి నుంచి మీ ఇంటికి మట్టి కిందుగా వచ్చే గొట్టంలో నిలిచినది. మీ 13 అక్కడిదే అయ్యుంటుంది. మూడోది వీధి నీరు, దారిలో కాస్త అంటించుకుని వచ్చింది. 1986లో దేశమంతటా నిషేధించేదాకా ఇళ్ళకు సీసం గొట్టమే వేయాలన్నది షికాగో నిబంధన. అలాంటివి ఇక్కడ సుమారు 4 లక్షలున్నాయి, అమెరికాలో మరే ఊళ్ళోనూ ఇన్ని లేవు.

నేలమాళిగలో మీటరు దగ్గరికి వచ్చే గొట్టాన్ని తాళంచెవితో గోకండి. మెత్తగా గీత పడి, వెండిలా మెరిసి, అయస్కాంతం అంటుకోకపోతే సీసమే. మార్పిస్తే మొత్తం మార్పించండి. సగం కోసి అతికితే ఆ కదలికకు కొన్నాళ్ళు సీసం ఇంకా ఎక్కువ వస్తుంది.

15 దాటలేదు కదా అని ఎవరైనా అంటే వినకండి. అది నీటి సంస్థ ఎప్పుడు కదలాలో చెప్పడానికి అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ పెట్టిన గీత. 2024 నిబంధనల్లో దాన్నీ 10కి దించారు. పసిపిల్లలకు ఇంతవరకు పరవాలేదనే మోతాదు లేదు.

ఎడిసన్ అమ్మ:
మేము ఏడాదిపాటు కూజా ఫిల్టరు నీళ్ళు తాగి నిశ్చింతగా ఉన్నాం. తర్వాత అట్టపెట్టె మీద చదివితే అది క్లోరిన్ రుచి పోగొట్టేది మాత్రమే! ఫిల్టర్ల ప్రమాణాల ముద్ర ఎన్‌ఎస్‌ఎఫ్ 53 అని ఉండాలి, ఆ ముద్ర సీసానికి అని కూడా స్పష్టంగా రాసి ఉండాలి. ఆర్ఓ అయితే 58. గడువు దాటిన కార్ట్రిడ్జ్ ఉన్నా లేనట్టే. కొళాయి మూతి జల్లెడ విప్పి కడుగుతూ ఉండండి, సీసం నలుసులు అక్కడ చేరతాయి. పాపకు రక్తపరీక్ష చేయించమని డాక్టరును అడగండి. డెసిలీటరు రక్తానికి సీసం 3.5 మైక్రోగ్రాములు, ఆపైన వస్తే పట్టించుకోవాలని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ అంటుంది.

తెనాలి తాతయ్య:
మీ అత్తగారు చారుకు సత్తు గిన్నె, అంటే తగరపు గిన్నె, వెంట తెచ్చుకున్నారా? తగరంలో సీసం కలిపి అమ్మేవాళ్ళున్నారు. చింతపండు పులుపుకు అది చారులోకి దిగుతుంది. ఇత్తడి గిన్నెల కళాయితోనూ ఇదే తంటా. కొళాయి ఒక్కదాన్నే అనుమానించకండి.

షికాగో కోడలు:
అందరికీ ధన్యవాదాలు. గొట్టం గోకాం, అద్దంలా మెరిసింది. మార్పిడికి దరఖాస్తు పెట్టాను. 53 ముద్ర ఉన్న ఫిల్టరు నిన్న బిగించాం, పాప పాలకు ఇప్పుడు ఆ నీళ్ళే. చారు ఉప్పు మాట బాగా పనిచేసింది. అత్తగారే వేడినీళ్ళ పిడికి ఎర్రదారం కట్టారు, పొరపాటున ఎవరూ తిప్పకుండా. సత్తు గిన్నె తెచ్చుకున్నారండీ, వాళ్ళమ్మగారిదట. ఆ మాట ఇంకా ఎత్తలేదు.