ఫిల్క్: ముద్రారాక్షసం కన్న మాట

సైన్స్ ఫిక్షన్ అభిమానుల సమ్మేళనాల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తూ రెండు రోజులుగా ఒకే మాట దగ్గర ఆగిపోయాను. ఆ మాట ఫిల్క్. ఇలాంటి సమ్మేళనాన్ని అభిమానులు పొట్టిగా "కాన్" అంటారు. పగలంతా చర్చలు, పుస్తకాల అమ్మకాలు, వేషాల పోటీలు. రాత్రయ్యాక హోటల్లో ఏదో ఒక గదిలో గిటార్లు పట్టుకుని గుండ్రంగా కూర్చుంటారు. రాకెట్ల మీద, గ్రహాల మీద, చదివిన కథల మీద తాము కట్టిన పాటలు పాడుకుంటారు. చాలాచోట్ల వంతులు ఉంటాయి: నీ వంతు వచ్చినప్పుడు నువ్వు పాడొచ్చు, ఇంకొకరిని పాడమని అడగొచ్చు, వదిలేయనూ వచ్చు. ఆ పాటలే ఫిల్క్.

ఈ మాట పుట్టుక నాకు భలే నచ్చింది. 1950ల మొదట్లో లీ జేకబ్స్ అనే అమెరికన్ అభిమాని జానపద సంగీతం మీద సైన్స్ ఫిక్షన్ ప్రభావం గురించి వ్యాసం రాశాడు. శీర్షికలో "ఫోక్" అని కొట్టబోయి "ఫిల్క్" అని కొట్టాడు. ఇంగ్లీషు టైపు మిషన్ మీద ఐ, ఓ మీటలు పక్కపక్కనే ఉంటాయి కదా! వ్యాసంలో అశ్లీలం ఉంది, తపాలా చట్టంతో చిక్కు వస్తుందని సంపాదకుడు దాన్ని వేయలేదు. వ్యాసం వెలుగు చూడకపోయినా తప్పు మాత్రం నోటినోటా పాకింది. 1953లో కారెన్ ఆండర్సన్ తన భర్త, సైన్స్ ఫిక్షన్ రచయిత పోల్ ఆండర్సన్ రాసిన పాటను తెలిసే "ఫిల్క్ సాంగ్" అని ప్రచురించారు. అచ్చుతప్పుకి మన దగ్గర ముద్రారాక్షసం అని పేరు. ఈ రాక్షసం మాత్రం ఒక సంప్రదాయానికే పేరు పెట్టింది.

ఇక తెలుగులో ఏమనాలి? "పేరడీ" అందామా అంటే సగమే సరిపోతుంది. పాత బాణీకి కొత్త మాటలు కట్టిన ఫిల్క్ పాటలు చాలానే ఉన్నాయి. కానీ ఫిల్క్ గాయని లెస్లీ ఫిష్ అపోలో 11 మీద కట్టిన "హోప్ ఐరీ" ఉంది చూశారూ, అందులో మాటలూ బాణీ రెండూ ఆవిడవే. వెక్కిరింత చుక్కంత కూడా లేదు. దాన్ని పేరడీ అనడానికి నాకు మనసు రాదు.

ఒక్క చోట మాత్రం తెలుగే ముందుంది. బాణీ అరువు తెచ్చుకున్నప్పుడు ఫిల్కర్లు పాట పైన ఫలానా పాట ట్యూన్‌లో అని రాస్తారు. దానికి నాలుగక్షరాల పొట్టి గుర్తు కూడా ఉంది, టీటీటీఓ. మన పాత భజన పుస్తకాల్లో పాట తలమీద "ఫలానా పాట వరుస" అని ఉంటుంది. ఒక్క మాటతో పని అయిపోయింది!

తెలుగు మాట కోసం ఒకరు నాకిలా రాశారు:

— జానపదంలో ఒక్క అక్షరం మార్చి "జ్ఞానపదం" అంటే ఎలా ఉంటుందండీ? అక్కడా ఒక్క అక్షరమే కదా మారింది. విజ్ఞానం కూడా కలిసొస్తుంది.

చదవగానే నాకూ ముచ్చటేసింది, నిజం. కాగితం మీద రాసి చూసుకున్నాను కూడా. కానీ అది విన్నవాళ్ళు తత్త్వాలో, అక్షరాస్యత పాటలో అనుకుంటారండీ. పైగా ఫిల్క్ అన్న మాటకి ఏ అర్థమూ లేదు, ఒక వేలు జారింది అంతే. ఆ అర్థం లేని ఖాళీలోనే అభిమానులు తమ పాటలన్నీ నింపుకున్నారు. మీ మాటలో ఆ ఖాళీ లేదు, అర్థం ముందే నిండిపోయి ఉంది. అందుకని వ్యాసంలో ఫిల్క్‌ని ఫిల్క్‌గానే ఉంచుతున్నాను. టీటీటీఓకి మాత్రం "వరుస".

ఇంకొక్క సాయం. పాత పాటల పుస్తకాల్లో కొన్నిచోట్ల వరుసకి బదులు "మట్టు" అని చూశాను. ఇంట్లో అలాంటివి ఉన్నవాళ్ళు ఒకసారి తీసి చూడండి. ఈ రెండూ ఒకటేనా, లేక మట్టు అన్నప్పుడు తాళం కూడా అదే ఉండాలా?