కార్ షోల్లో ఇయర్ కటాఫ్ ఒక్కో చోట ఒక్కోలా ఎందుకుంటుంది? నా 91 షెవీ ట్రక్కు ఎక్కడ పెట్టొచ్చు?

ఫ్రిస్కో_ట్రక్కు
అందరికీ నమస్తే. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. నా దగ్గర 1991 షెవీ సీ 1500 ఉంది, సింగిల్ క్యాబ్, షార్ట్ బెడ్. పాత 350 ఇంజిన్ దించేసి ఎల్ఎస్ అనే తర్వాతి తరం 5.3 లీటర్ల ఇంజిన్ ఎక్కించా, బండి బాగా కిందకి దింపా, 20 ఇంచుల వీల్స్ వేశా, సీటు కొత్తగా కుట్టించా, పెయింట్ మాత్రం ఫ్యాక్టరీలో వచ్చిన టూ టోన్ లాగే మళ్ళీ కొట్టించా. మొన్న మా వైపు జరిగిన ఒక చిన్న క్లాసిక్ అండ్ కస్టమ్ షోకి పొద్దున్నే కడిగి తుడిచి తీసుకెళ్తే గేటు దగ్గరే ఆపేశారు, 1980 వరకే అన్నారు. సరే రూల్ రూలే, కానీ నా ముందున్న 79 ట్రక్కులో కూడా ఇదే ఎల్ఎస్ ఇంజిన్, ఎయిర్ బ్యాగ్ సస్పెన్షన్, డిజిటల్ డాష్, దాన్ని లోపలికి పంపారు. మా బాబు పక్కనే ఉన్నాడు, దాన్ని పంపి మనల్ని ఎందుకు ఆపారని వాడు అడిగితే నా దగ్గర సమాధానం లేదు.

ఇంటికొచ్చి చూస్తే ఒకళ్ళు 25 ఏళ్ళంటారు, ఒకళ్ళు 30 అంటారు, ఒకళ్ళు 1948 అంటారు, ఇంకొకళ్ళు 1972. అసలు ఈ ఇయర్లు ఎక్కడ్నుంచి వచ్చాయి? నా బండి ఎక్కడ పనికొస్తుంది? ఇంకో డౌట్, ఇయర్ అంటే టైటిల్ (బండి ఓనర్‌షిప్ కాగితం) మీద ఉన్నదా, తయారైన నెలా, ఇంజిన్ దా? నా డోర్ స్టిక్కర్ మీద 9/90 అని ఉంది, టైటిల్ మీద 1991.

కెంటకీ_రాడ్
ముందు ఆ చివరి డౌట్ తీర్చేస్తా, అది తేలిక. అమెరికన్ షోల్లో దాదాపు అన్ని చోట్లా మోడల్ ఇయరే లెక్క. మీ విన్ నంబర్లో, అంటే బండి గుర్తింపు నంబర్లో, పదో అక్షరం చూడండి, ఎం అని ఉంటుంది, ఎం అంటే 1991 మోడల్. 90 సెప్టెంబర్లో లైన్ మీద నుంచి దిగినా అది 91 బండే. ఇంజిన్ ఇయర్ ఎవరూ అడగరు, స్ట్రీట్ రాడ్ (పాత షేపు బండికి కొత్త ఇంజిన్ పెట్టి రోడ్డు మీద తిప్పేవి) వాళ్ళు అసలే అడగరు, ఎందుకంటే అక్కడ 32 ఫోర్డ్ అని నిలబెట్టే వాటిల్లో చాలావాటికి ఇంజిన్ నిన్నమొన్నటిది, బాడీ కూడా కొత్తగా పోసిన ఫైబర్ గ్లాసో కొత్త స్టీలో అయి ఉంటుంది, అయినా 32 షేపు కాబట్టి 32 కిందే లెక్క. మీ ముందు 79 ట్రక్కు లోపలికి వెళ్ళిపోవడానికి కారణం కూడా ఇదే అన్నా, వాళ్ళు చూసింది షీట్ మెటల్ ఇయర్, మెకానికల్స్ కాదు.

ఇక 1948 సంగతి. నేషనల్ స్ట్రీట్ రాడ్ అసోసియేషన్ 1970లో మొదలైనప్పుడు గీత అక్కడ గీశారు, దానికి గట్టి కారణమే ఉంది. యుద్ధం అయిపోయాక 46, 47, 48లో డెట్రాయిట్ అమ్మినవి చాలావరకు యుద్ధానికి ముందు డిజైన్లే, గ్రిల్లూ క్రోమూ మార్చి అమ్మారు. 1949 ఫోర్డ్ వచ్చేసరికి విడిగా ఉబ్బి ఉండే ఫెండర్లు పోయి పక్క భాగమంతా ఒకటే చదును అయిపోయింది. ఆ తేడా కంటికి కనిపిస్తుంది, 48 ఫోర్డ్ పక్కన 49 ఫోర్డ్ పెట్టి చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. అందుకే ఆ గీత అన్నేళ్ళు నిలబడింది. తర్వాత వాళ్ళే 30 ఏళ్ళు నిండిన బండి ఏదైనా రావచ్చని మార్చారు. లూయివిల్లో ఆగస్టులో స్ట్రీట్ రాడ్ నేషనల్స్ జరుగుతుంది, మీ 91 నిక్షేపంగా వెళ్ళొచ్చు. అక్కడ సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ కూడా చేస్తారు, 23 పాయింట్లు, స్టీరింగ్, బ్రేకులు, లైట్లు, ఇంధనం లైన్లు అన్నీ చూస్తారు. బండి అంత కిందకి దింపారు కాబట్టి టైర్ ఫెండర్‌కి ఎక్కడా రాసుకోకుండా ఒకసారి చూసుకోండి.

1972 గీత గుడ్‌గైస్ అనే షోలు పెట్టే సంస్థ వాళ్ళది, చాలాకాలం అదే నడిచింది. దానికి కారణం మజిల్ కార్లు, అంటే అప్పటి బాగా పవర్ ఉన్న అమెరికన్ కార్లు. 71 నుంచి కంప్రెషన్ తగ్గించడం మొదలుపెట్టారు, 73 నుంచి ఫెడరల్ బంపర్ రూల్ వచ్చి కార్లకి ముందూ వెనకా బరువైన బంపర్లు తగిలించారు, అక్కడితో ఆ కాలం అయిపోయిందని అప్పటివాళ్ళ లెక్క. 2019 సీజన్ నుంచి దాన్ని 87కి జరిపారు. ఆ సంవత్సరానికి ఏ ఇయర్ వరకు అనేది రిజిస్ట్రేషన్ ఫారం మీదే ఉంటుంది, చూసుకుని డబ్బు కట్టండి. ఆదివారం అయితే ఎలాగూ ఆల్ అమెరికన్ సండే అంటారు, అమెరికన్ బండి ఏ ఇయర్‌దైనా రానిస్తారు. ఫోర్ట్ వర్త్ పక్కన టెక్సస్ మోటార్ స్పీడ్‌వేలో పెడతారు, మీకు గంట కూడా పట్టదు.

హెర్షీ_దగ్గరోడు
పైన అన్న చెప్పింది కస్టమ్ వైపు. ఒరిజినల్ వైపు కూడా తెలుసుకోండి, లేకపోతే 25 ఏళ్ళు అని చూసి పెన్సిల్వేనియాలోని హెర్షీకి బయల్దేరతారు, అక్కడ నిరాశ పడతారు.

ఏఏసీఏ అంటే యాంటిక్ ఆటోమొబైల్ క్లబ్ ఆఫ్ అమెరికా, 1935 నుంచి ఉన్న క్లబ్, హెర్షీలో అక్టోబర్లో జరిగే ఫాల్ మీట్ చూడాల్సిందే. వాళ్ళది 25 ఏళ్ళ రూల్, ఏటా ఒక మోడల్ ఇయర్ లోపలికి వస్తూ ఉంటుంది, ఇయర్ లెక్కన మీ బండి ఎప్పుడో అయిపోయింది. కానీ అక్కడ కొలత వేరు, డీలర్ ఆ రోజు కస్టమర్‌కి బండి ఎలా అప్పజెప్పి ఉండేవాడో అలా ఉండాలి. 400 పాయింట్ల దగ్గర మొదలుపెట్టి తప్పు కనిపించిన ప్రతి చోటా తీసేస్తూ పోతారు. హోస్ క్లాంప్ ఆ కాలం రకం కాదని పాయింటు పోగొట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు. మీ ట్రక్కుకి ఎల్ఎస్, 20 ఇంచుల వీల్స్ అంటే జడ్జింగ్ మాట మర్చిపోవడమే.

ఇది వాళ్ళ పంతం అనుకోకండి, నేను దీన్ని సమర్థిస్తా. ఒక్క చోటైనా ఫ్యాక్టరీలో ఎలా చేశారో అలాగే దాచిపెట్టకపోతే, ఇంకో నలభై ఏళ్ళకి 91 సీ 1500లో సీటు బట్ట ఏ రంగులో వచ్చిందో, అండర్ హుడ్ స్టిక్కర్ ఎక్కడ అతికించారో చెప్పేవాడు ఉండడు. మీలాంటి ట్రక్కులు ఇప్పుడు కస్టమ్ చేసేవాళ్ళే ఎక్కువ, స్టాక్‌గా, అంటే ఫ్యాక్టరీలో వచ్చినట్టే ఉన్నవి రోజురోజుకీ తగ్గిపోతున్నాయి. ఆ తీసేసిన 350 ఇంజిన్, పాత వీల్స్ పారేయకుండా గరాజ్‌లో ఓ మూల పెట్టుకోండి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా.

డెట్రాయిట్_అక్క
తమ్ముడూ, ఇయర్ ఒక్కటే రూల్ అనుకోవద్దు. మా ఊళ్ళో ఆటోరామా అనే కస్టమ్ కార్ షోలో రిడ్లర్ అవార్డ్ ఉంది, 1964 నుంచి ఇస్తున్నారు, దానికి అసలు రూల్ ఏంటంటే ఆ బండి అంతకుముందు ఏ షోలోనూ కనిపించి ఉండకూడదు. ఏళ్ళ తరబడి కష్టపడి కట్టి ముందు వేరే ఊళ్ళో ఒక చిన్న షోలో పెట్టారంటే అయిపోయినట్టే, రిడ్లర్‌కి పోటీ పడే ఛాన్స్ పోతుంది. అదే కాలిఫోర్నియాలో గ్రాండ్ నేషనల్ రోడ్‌స్టర్ షోలో పెద్ద ట్రోఫీ ఉంది కదా, 1950 నుంచి ఇస్తున్నారు, దానికి 1930ల నాటిదో అంతకంటే పాతదో అమెరికన్ రోడ్‌స్టర్ (గట్టి పైకప్పు లేని కారు) అయి ఉండాలి. ఒకటి ఇయర్ గురించి, ఒకటి కొత్తదనం గురించి. అందుకే కట్టే ముందే ఏది కావాలో నిర్ణయించుకోవాలి.

నీ బండికి నేనైతే రాడ్‌వుడ్ అనే షో చెప్తా. 2017లో మొదలైంది, 1980 నుంచి 1999 వరకు, స్టాక్ అయినా మోడిఫైడ్ అయినా ఫర్వాలేదు, ఆ కాలం బట్టలు వేసుకుని వస్తారు జనం. మీ బాబుకి కూడా అక్కడ బాగా నచ్చుతుంది, పిల్లలు ఎక్కువ కనిపిస్తారు. నిన్ను ఆపేసిన ఆ షో వాళ్ళ మీద కోపం పెట్టుకోకు, చిన్న షోలకి పార్కింగ్ స్థలం తక్కువ, 1980 అని ఒక గీత గీస్తే గేటు దగ్గర వలంటీర్‌కి వాదన ఉండదు. కాకపోతే ఫ్లయర్ మీద కస్టమ్ అని పెద్దక్షరాల్లో వేసి ఇయర్ ఎక్కడో చిన్నగా వేస్తే అది తప్పే, ఆర్గనైజర్‌కి మెయిల్ రాయి, మర్యాదగానే రాయి.

ఫ్రిస్కో_ట్రక్కు
అక్కా, అన్నలూ, చాలా థాంక్స్. విన్‌లో పదో అక్షరం చూశా, ఎం యే. 350 ఇంకా గరాజ్‌లోనే ఉంది, అమ్మేద్దామని లిస్టింగ్ పెట్టా, ఇప్పుడే తీసేశా. ఇంకొక్కటి, టెక్సస్‌లో ప్లేట్ సంగతి ఏంటి? యాంటిక్ ప్లేట్ తీసుకుంటే షో వాళ్ళు త్వరగా ఒప్పుకుంటారని మా పక్కింటాయన అంటున్నాడు.

కెంటకీ_రాడ్
ప్లేట్‌కీ షోకీ సంబంధం లేదు. యాంటిక్ ప్లేట్ తీసుకున్నారంటే ఎగ్జిబిషన్లు, క్లబ్ కార్యక్రమాలు, పెరేడ్లు ఇలాంటివాటికే తిప్పాలి, ఆఫీసుకి వేసుకెళ్తే ఇబ్బంది. మీ టెక్సస్‌లో కస్టమ్ వెహికల్ ప్లేట్ అని వేరే ఉంది, 25 ఏళ్ళు నిండి, 1948 తర్వాత మోడల్ అయి, ఫ్యాక్టరీ డిజైన్ నుంచి మార్చిన బండికి ఇస్తారు. 49కి ముందువాటికి స్ట్రీట్ రాడ్ ప్లేట్. చూశారా, చట్టంలో కూడా అదే గీత కూర్చుంది. మీరు చేసిన మార్పులకి ఏది సరిపోతుందో కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో అడగండి.

పాతబస్తీ_పద్మిని
అన్నలూ మీరు అక్కడ 25, 30 అని మాట్లాడుకుంటుంటే చదివి మనసు ఆగలే, మా హైదరాబాద్ సంగతి కూడా రాస్తున్నా. ఇక్కడ షో వాళ్ళ రూల్ కంటే ముందు సర్కార్ రూల్ ఉంటది. 2021లో సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో మార్పు తెచ్చిండ్రు, వింటేజ్ అనాలంటే మొదటి రిజిస్ట్రేషన్ తారీఖు నుంచి 50 ఏళ్ళు దాటాలె, పైగా చాసిస్, బాడీ షెల్, ఇంజిన్ మార్చి ఉండొద్దు. అయితే వీఏ అని ఉండే నంబర్ ఇస్తరు, కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 ఫీజు, రెన్యువల్‌కి 5,000. రోజూ తిప్పరాదు, ర్యాలీలకి, ఎగ్జిబిషన్‌కి, పెట్రోల్ పోయించుకోనీకి, రిపేర్‌కి అంతే.

మా బాపు ఫియట్ 1973ది. వయసు సరిపోయింది. కానీ పెట్రోల్ ఖర్చు తట్టుకోలేక అప్పట్ల డీజిల్ ఇంజిన్ వేయించిండు, ఆ రోజుల్ల శానా మంది చేసిండ్రు అట్లా, ట్యాక్సీలకైతే మామూలే. ఇప్పుడు ఆ ఇంజినే అడ్డం. 2019 జనవరిల సుప్రీం కోర్టు కూడా కంపెనీ స్పెసిఫికేషన్ నుంచి బండి మార్చరాదని చెప్పింది కద. అంటే అమెరికాల ఇంజిన్ మార్చినోనికి ఒక షో దొరకకుంటే ఇంకో షో దొరుకుతది, ఇక్కడ మార్చినోనికి అసలు చోటే లేదు. చక్కగా కట్టిన కస్టమ్ బండ్లకు ఒక క్లాస్, ఒక సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ పెట్టి రానిస్తే ఏం పోతది? నాకు అదే బాధ. ఇంకొకటి, తయారీ ఇయర్ కాదు మా దగ్గర, మొదటి రిజిస్ట్రేషన్ తారీఖు. షోరూంల రెండేళ్ళు నిలబడ్డ బండి అయితే ఆ రెండేళ్ళు లెక్కకు రావు.

హెర్షీ_దగ్గరోడు
తమ్ముడూ, లండన్ నుంచి బ్రైటన్ వరకు వెటరన్ కార్ రన్ జరుగుతుంది, దానికి 1905 జనవరి 1కి ముందు తయారైనవే రావాలి, గీత ఒక్క రోజు కూడా కదలదు. అందుకని అక్కడ బండి నిజంగా ఏ ఇయర్‌దో చూసి తేల్చి పత్రం ఇచ్చే పని పెద్ద పని. మీకు కూడా కాగితమే ముఖ్యం. పాత ఆర్‌సీ, ఇన్వాయిస్, ఇన్సూరెన్స్ కాగితాలు ఏవి దొరికినా దాచండి. మీ ఫియట్‌కి ఒరిజినల్ 1100 పెట్రోల్ ఇంజిన్ ఇప్పటికీ వెతికితే దొరుకుతుంది, కాకపోతే ఆర్‌సీలో ఇంధనం డీజిల్ అని ఎక్కి ఉంటే వెనక్కి మార్పించడం ముందు చూసుకోండి, ఇంజిన్ కొన్నాక కాదు.

పాతబస్తీ_పద్మిని
ఆర్‌సీల డీజిల్ అనే ఉంది అన్నా. సోమవారం ఆర్‌టీఏ ఆఫీసుకు పోయి అడుగుత, ఏం చెప్పిండ్రో ఇక్కడనే రాస్త.