'హారర్ ఎక్స్‌ప్రెస్': కంటిలో నిలిచిపోయిన దృశ్యానికి ఆధారం ఉందా?

ప్రశ్న:
1972 నాటి 'హారర్ ఎక్స్‌ప్రెస్' చిత్రాన్ని నిన్న రాత్రి మళ్లీ చూశాను. 1906లో చైనాలో దొరికిన, మంచులో గడ్డకట్టిన ఒక ఆదిమజీవి కళేబరాన్ని పెట్టెలో బిగించి ట్రాన్స్ సైబీరియన్ రైల్లో తీసుకువెళ్లే కథ అది. క్రిస్టఫర్ లీ, పీటర్ కుషింగ్ పోషించిన శాస్త్రవేత్తలు ఆ జీవి కంటిలోని ద్రవాన్ని మైక్రోస్కోపు కింద పరీక్షిస్తే డైనోసార్లు, అంతరిక్షం నుంచి కనిపించే భూమి కూడా అందులో కనబడతాయి. ఇది పూర్తిగా కల్పనేనా, లేక దీని వెనుక ఏదైనా శాస్త్రం ఉందా?

జవాబు 1:
పూర్తిగా కల్పన కాదు. కంటి లోపలి వెనుక పొర అయిన రెటీనాలోని ఎర్రని వర్ణకం వెలుతురు తగిలితే వెలిసిపోతుందని 1876లో ఫ్రాంజ్ బోల్ గమనించాడు. దాని ఆధారంగా జర్మన్ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ క్యూనె, ఒక కుందేలును కొంతసేపు చీకటిలో ఉంచి, తరువాత ఊచల కిటికీ వైపు చూసేలా నిలిపి, వెంటనే చంపి, దాని కంటిని పటిక ద్రావణంలో ఉంచినప్పుడు, రెటీనా మీద ఆ కిటికీ ఊచలు అచ్చుపడినట్టు కనిపించాయి. అటువంటి ముద్రకు ఆప్టోగ్రామ్ అని పేరు. కాబట్టి సినిమాలోని 1906 నాటి ప్రొఫెసర్, కంటిలో దృశ్యం నిలిచిపోతుందని నమ్మడంలో వింత లేదు.

జవాబు 2:
అయితే ఆ ముద్ర పడేది రెటీనా మీద, కంటి ద్రవంలో కాదు. పైగా అది చివరి దృశ్యమే తప్ప యుగాల జ్ఞాపకాల గొలుసు కాదు. సినిమా ఇక్కడ నిస్సంకోచంగా మోసం చేసింది. నాకు మాత్రం శవపరీక్ష ఘట్టమే ఎక్కువ నచ్చింది: మళ్లీ ప్రాణం పోసుకున్న ఆ జీవి చంపిన మనిషి కపాలం తెరిచి చూస్తే మెదడు మీద ఒక్క మడత కూడా లేకుండా నున్నగా ఉంటుంది. ఆ జీవి దోచుకునేది ప్రాణాన్ని మాత్రమే కాదు, నేర్చిన విద్యను కూడా. తాళాలు తీసే దొంగను చంపాక, వెంట్రుకలతో నిండిన ఆ చెయ్యి పెట్టెలోంచి బయటికి వచ్చి, తాళాన్ని నింపాదిగా తీసేస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. క్యూనె కుందేలును ముందు చీకటిలో ఉంచాడని చదవగానే మరో విషయం స్ఫురించింది. సినిమాలోని జీవి కూడా చీకటిలోనే మనసులను పీల్చగలదు, ప్రకాశవంతమైన దీపం ఎదుట ఉంటే దాని శక్తి పనిచేయదు. రచయితలు ఆ వర్ణకం సంగతి తెలిసే ఈ నియమం పెట్టారో, కేవలం భయపెట్టడానికి పెట్టారో గానీ, ఈసారి ఆ దీపం సన్నివేశం కోసమే మళ్లీ చూస్తాను.